అచ్చుపలక మీది వాన, కుంచె కింది వాన

సభకు నమస్కారం.

లోపలికి వస్తూ ఈ గోడమీది పద్నాలుగు చిత్రాల ముందు కాసేపు నిలబడిన పెద్దలొకరు, "అచ్చు గుద్దినట్టు దింపారండీ" అని నన్ను మెచ్చుకున్నారు. ఆ మాటకు కృతజ్ఞతలు చెప్పుకుంటూ ఇవాళ్టి ప్రసంగాన్ని అక్కడి నుంచే మొదలుపెడతాను. ఒక బొమ్మ మరో బొమ్మకు సరిగ్గా సరిపోయిందని చెప్పడానికి మన భాషలో అచ్చునే పోలికగా తెచ్చుకుంటాం. నేను దింపినవేమో నిజంగానే అచ్చులు. నేటి టోక్యో నగరాన్ని ఎడో అని పిలిచే రోజుల్లో కొయ్యపలకల మీద చెక్కి, కాగితం మీద అద్ది, అంగళ్లలో సామాన్యులకు అమ్మిన ప్రకృతి దృశ్యాలను నేను కుంచెతో, నీటిరంగులతో తిరిగి గీశాను. చేత్తో గీసిన బొమ్మ అచ్చు గుద్దినట్టు ఉంటుందా, అసలు ఉండాలా అన్న ప్రశ్న ఇరవై రెండేళ్లుగా నన్ను పట్టుకుని ఉంది.

ముందు "అసలు" అనే మాట సంగతి చూద్దాం. ఇవి అసలు చిత్రాలా, నకళ్లా అని అడిగితే, నకళ్లేనని నేను తడుముకోకుండా చెబుతాను. కానీ వీటి అసలు ఎక్కడుందని అడిగితే జవాబు అంత సులువు కాదు. ఆనాటి జపాను చిత్రకారులు హిరోషిగే గానీ, హొకుసాయ్ గానీ పలుచని కాగితం మీద సిరాతో రేఖాచిత్రం గీసి ఇచ్చేవారు. చెక్కే పనివాడు ఆ కాగితాన్ని అడవి చెర్రీ చెక్కతో చేసిన పలక మీద బోర్లా అంటించి, వెనకనుంచి కనిపిస్తున్న గీతల వెంట ఉలి నడిపేవాడు. గీత ఉన్నచోట చెక్క నిలబడాలి, గీత లేనిచోట లేచిపోవాలి. పని పూర్తయ్యేసరికి పలక మిగిలేది, చిత్రకారుడు గీసిన కాగితం మిగిలేది కాదు. అంటే చిత్రకారుడి చేతి గీత తన ప్రాణం పలకకు ఇచ్చి తాను పోయింది. ఈ రోజు ప్రపంచంలోని మ్యూజియంలలో మనం చూసే ప్రతి కాగితమూ ఆ పలకల నుంచి దిగిన ప్రతి మాత్రమే, ప్రతి కాగితమూ అసలే.

ఆ రేఖల పలకతో నల్లగా కొన్ని ప్రతులు తీసి, ఏ భాగానికి ఏ రంగో వాటి మీద గుర్తుపెట్టి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక చెక్కేవారు. అన్ని పలకల మీదా ఒకే చోట రెండు చిన్న గాట్లు ఉండేవి. వాటిని కెంతో అంటారు. కాగితం మూలను, అంచును ఆ గాట్లకు ఆనించి పెడితే ఎన్ని రంగులు అద్దినా గీత మీది నుంచి రంగు పక్కకు జరిగేది కాదు. అద్దే పనివాడు పలక మీద రంగును, దానితో పాటు కొంచెం బియ్యపు పిండి జిగురును బ్రష్షుతో పరిచి, తడిపిన కాగితాన్ని దాని మీద బోర్లించి, బరెన్ అనే గుండ్రటి సాధనంతో వీపు మీద రుద్దేవాడు. తాడును చుట్టగా చుట్టి వెదురు పొరతో బిగించి కట్టిన ఆ బరెన్ అరచేతిలో ఇమిడిపోతుంది. ఇందులో యంత్రం అన్నది ఎక్కడా లేదు.

ఈ తేడా మనకు బొత్తిగా కొత్తది కాదు. పెడనలో కొయ్య అచ్చులతో అద్దిన కలంకారీని, శ్రీకాళహస్తిలో కలం పట్టి గీసిన కలంకారీని పక్కపక్కన పరిచి చూసినవారికి, ఒకే పేరున్న రెండు పనుల్లో గీత ఎంత వేరుగా నడుస్తుందో తెలుసు. అచ్చు గీతకు రెండు అంచులూ తెగినట్టు ఉంటాయి. కలం గీత ఒకచోట ఒత్తి, ఒకచోట సన్నగిల్లి, రంగు తరిగినచోట మళ్లీ ముంచుకుని సాగుతుంది. పెడన అద్దకాన్ని కాళహస్తి కలంతో దింపమంటే ఎలా ఉంటుందో ఊహించండి. నేను చేస్తున్న పని అదే.

ఈ పనిలోకి నేను ఒక పొరపాటుతో దిగాను. నాకు నీటిరంగులు నేర్పిన గురువుగారిది బెంగాల్ పద్ధతి వాష్, అంటే రంగును నీళ్లతో కడిగి మెత్తబరిచే తీరు. ఆ పద్ధతి మన దగ్గరికి బందరు ఆంధ్ర జాతీయ కళాశాల ద్వారా, అక్కడ చిత్రకళ బోధించిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ గారి ద్వారా వచ్చిందని, అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులేనని ఇక్కడున్నవారిలో చాలామందికి తెలుసు. దాని మూలంలో కూడా జపాను ఉంది. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు జపాను చిత్రకారులు కలకత్తా వచ్చినప్పుడు, వారు తడి కుంచెతో బొమ్మను మెత్తబరిచే తీరు చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ తన వాష్ పద్ధతిని రూపొందించుకున్నారు. అది విని, జపాను బొమ్మకు జపాను నుంచి వచ్చిన పద్ధతే సరిపోతుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. హిరోషిగే చిత్రాన్ని గీసి, రంగు వేసి, నీళ్లలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ వేసి, మళ్లీ ముంచాను. మూడోసారికి వంతెన, నది, ఆకాశం అన్నీ ఒకే పొగలో కలిసిపోయాయి. చూడటానికి అందంగానే ఉంది, కానీ అందులో హిరోషిగే లేడు. ఆయన చిత్రంలో మంచు ఎంత మెత్తగా కరిగినా పక్కనున్న గీత కత్తి అంచులా నిలబడి ఉంటుంది. మెత్తదనం, పదును ఒకే అంగుళంలో పక్కపక్కన ఉండటమే ఆ చిత్రాల అందం. వాష్ ఆ రెంటినీ కలిపేసింది.

అక్కడి నుంచి అద్దకపు పనివాడి చేతిని అర్థం చేసుకోవడం మొదలుపెట్టాను. అతని విద్యలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది బొకాషి. ఆకాశం పైఅంచున ముదురు నీలం ఉండి కిందికి వస్తూ వస్తూ ఏమీ లేనట్టు తేలిపోవడం మీరు ఈ చిత్రాల్లో చాలావాటిలో చూస్తారు. పలకలో ఆ తేలిక చెక్కి ఉండదు. పలక చదునుగా ఉంటుంది. అద్దేవాడు తడిగుడ్డతో పలకలో కొంత భాగాన్ని తడిపి, బ్రష్షుకు ఒక కొసన మాత్రమే రంగు పెట్టి, పలక మీద అడ్డంగా నడుపుతాడు. నీళ్లున్న వైపు రంగు పలచబడుతుంది. వెంటనే కాగితం బోర్లించి రుద్దాలి. తర్వాతి కాగితానికి ఇదంతా మళ్లీ చేయాలి. రెండువందల కాగితాలుంటే రెండువందల ఆకాశాలు, ప్రతిదీ చేత్తో కలిపిందే. అందుకే ఒకే చిత్రం రెండు ప్రతుల్లో ఆకాశం ఒకేలా ఉండదు. తొందరలో తీసిన తర్వాతి ప్రతుల్లో కొన్నిచోట్ల ఆ తేలికనే వదిలేసి రంగును చదునుగా అద్దేసిన సందర్భాలూ ఉన్నాయి.

కుంచెతో అదే తేవాలంటే రెండు కుంచెలు ఒకే చేతిలో పట్టాలి. జపాను సంప్రదాయ చిత్రకారులు చేసేదీ అదే. ఒకదానికి రంగు, ఒకదానికి నీళ్లు. రంగు కుంచెతో పైన ఒక పట్టీ లాగి, చేతిలోనే కుంచె మార్చి, ఆ పట్టీ కింది అంచును నీటి కుంచెతో అందుకుని లాక్కురావాలి. కాగితం ముందుగా జిగురు, పటిక కలిపిన నీళ్లతో పదును పెట్టి ఉండకపోతే రంగు ఎక్కడ పడితే అక్కడ పీల్చుకుని మరకలు కడుతుంది. మన ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఈ పని కానేకాదు, కుంచె మార్చే లోపే అంచు ఆరిపోతుంది. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఫ్యాను ఆపి, ఆకాశాలు వేసుకుంటాను. గీతలు పగలు వేస్తాను.

ఇక ఆ మూడో చిత్రం దగ్గరికి రండి. ఇది హిరోషిగే 1857లో వేసిన షిన్-ఒహాషి వంతెన మీది జడివాన. ఎడో నగరపు నూరు ప్రసిద్ధ దృశ్యాల శ్రేణిలోది. పేరుకు నూరే అయినా ఆ శ్రేణిలో చిత్రాలు నూటికి పైనే ఉన్నాయి. ఆ మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. సుమిదా నది మీద చెక్క వంతెన ఏటవాలుగా సాగుతుంది. దాని మీద గొడుగుల కింద తలలు దాచుకున్నవారు, చాప కప్పుకున్నవారు, ఒళ్లు ముడుచుకుని పరుగుపెడుతున్నవారు. నదిలో ఒంటరిగా దుంగల తెప్పను నడుపుకుంటూ పోతున్న ఒక మనిషి. అవతలి గట్టు వానలో బూడిదరంగు నీడగా మాత్రమే మిగిలింది. పైన నల్లటి మబ్బు.

ఆ వాన చూడండి. సన్నటి, పొడవాటి నిలువు గీతలు. ఇవి రెండు పలకల మీద చెక్కినవి. ఒక పలక గీతలకూ రెండో పలక గీతలకూ వాలులో కొద్దిపాటి తేడా ఉంది. ఆ కొద్ది తేడా వల్లనే అవి ఒకదాన్నొకటి కోసుకుని, వాన గాలికి ఊగుతున్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు పనివాడి కష్టం ఆలోచించండి. పలక మీద వెంట్రుకంత గీత నిలవాలంటే దానికి రెండు వైపులా చెక్కను తీసేయాలి. పలక పైనుంచి కింది దాకా, తెగకుండా, వంకర పోకుండా, అలాంటి గట్లు వందల్లో నిలబెట్టాలి. ఒక్కచోట ఉలి జారితే వాన తెగుతుంది. హిరోషిగే గీసి ఇచ్చింది ఒక ఆలోచన. దాన్ని వానగా నిలబెట్టినవాడు చెక్కినవాడు. అతని పేరు బొమ్మ మీద ప్రముఖంగా ఉండదు, మనం చెప్పుకునేది హిరోషిగే వాన అనే.

నేను మొదట ఈ గీతలు ఊరకే చేత్తో లాగాను. కుంచె బలంగా తగిలినచోట గీత లావై, వదిలేచోట ఎండి చీలిపోయేది. అది వానలా కాక గడ్డిలా ఉండేది. తర్వాత మిజోహికి అనే పద్ధతి నేర్చుకున్నాను. నిలువునా ఒక గాడి ఉన్న స్కేలు తీసుకోవాలి. అదే చేతిలో కుంచెతో పాటు కొస గుండ్రంగా ఉన్న ఒక పుల్ల పట్టుకుని, పుల్ల కొసను గాడిలో ఆనించి, రెండింటినీ కలిపి జార్చాలి. పుల్ల గాడిలో నడుస్తుంది, కుంచె కాగితం మీద నడుస్తుంది, ఇద్దరి మధ్య దూరం మారదు. గీత సూటిగా, ఒకే మందంలో వస్తుంది. పద్ధతి దొరికినా తొమ్మిది కాగితాలు పాడయ్యాయి. ఎందుకంటే వాన అన్నిటికంటే చివర వేయాలి; వంతెన, మనుషులు, నది అంతా పూర్తయిన బొమ్మ మీద గీత వేస్తూ ఒక్క చుక్క జారితే నెల రోజుల పని పోతుంది. ఆ భయం చేతిలోకి రాకుండా చూసుకోవడమే అసలు అభ్యాసం.

ఇదే చిత్రాన్ని ఇంకొకరు చేత్తో దింపారు. 1887లో పారిస్‌లో విన్సెంట్ వాన్ గో ఈ వంతెనను, హిరోషిగే అదే శ్రేణిలో వేసిన కమెయిదో ప్లమ్ తోటను, రెండింటినీ తైలవర్ణాలతో కాన్వాసు మీద గీశాడు. ప్లమ్ తోటకు ఆయన గళ్లు గీసి తీసుకున్న ట్రేసింగు కాగితం ఇప్పటికీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. అంటే ఆయన కూడా మన బళ్లో డ్రాయింగు మాస్టారు నేర్పినట్టు గళ్లు కట్టి దింపినవాడే. నేనీ మాట చెప్పేది, దింపడాన్ని చిన్నపనిగా చూసే విద్యార్థులు ఈ సభలో ఉన్నారని తెలిసి. హిరోషిగే చెట్టు మానులోని నలుపు, బూడిద ఛాయలను వాన్ గో ఎరుపు, నీలాలుగా మార్చాడు. అంచుల్లో జపాను అక్షరాలు వేశాడు. ఆ భాష ఆయనకు రాదు, వేరే అచ్చుచిత్రాల నుంచి ఆకారం చూసి దించుకున్నాడు. వంతెన చిత్రాన్ని కూడా సుమారు 73 సెంటీమీటర్ల ఎత్తుకు, అంటే అచ్చు కాగితానికి దాదాపు రెట్టింపుకు పెంచాడు. ఆయన వానగీతల్లో చెక్క లేదు, తైలవర్ణపు మందం ఉంది. ఆయన నది కదిలినట్టు హిరోషిగే నది కదలదు. అది ఒక దారి. ఆ దారిలో వెళ్లే శక్తి ఉన్నవారు వెళ్లవచ్చు. నా దారి వేరు. నేను అచ్చుకు వీలైనంత దగ్గరగా వెళ్లి, ఎక్కడ ఆగిపోతానో తెలుసుకోవాలనుకునేవాణ్ణి.

ఎక్కడ ఆగుతానో ఇప్పుడు చెబుతాను. టోక్యోలో పాత పద్ధతిలోనే పలకలు తిరిగి చెక్కి అద్దిన ఈ వంతెన ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని తిరగేసి చూడండి. వెనక వైపు కూడా వంతెన లీలగా కనిపిస్తుంది. తడి కాగితాన్ని బరెన్‌తో అంత ఒత్తిడితో రుద్దడం వల్ల రంగు కాగితం నారలోకి దిగిపోయింది. ఆ కాగితం కాగితపు మల్బరీ నారతో చేసింది, నారలు పొడవైనవి కాబట్టి అన్నిసార్లు తడిసి, అంత ఒత్తిడికి లోనైనా చిరగదు. నా చిత్రాన్ని తిరగేస్తే తెల్లగా ఉంటుంది. కుంచె రంగు కాగితం మీద కూర్చుంటుంది, లోపలికి పోదు. ఎన్ని పూతలు వేసినా ఆ లోతు నాకు రాదు. అలాగే కొన్ని ప్రతుల్లో ఆకాశంలో చెక్క నారల గీతలు కనిపిస్తాయి. కొందరు నకలుకారులు వాటిని కూడా సన్నటి కుంచెతో గీస్తారు. నేను గీయను. చెక్క లేనిచోట చెక్క గుర్తు వేయడం అబద్ధమని నా అభిప్రాయం.

రంగుల విషయంలో మరో చిక్కు ఉంది. ఏ ప్రతిని చూసి దింపాలి? ఆ కాలపు రంగుల్లో కుసుమ పూల ఎరుపు, ఒక జాతి పూల నుంచి తీసే లేత నీలం వెలుతురుకు వెలిసిపోయే రంగులు. ఈ రోజు మనకు గోధుమ ఛాయలో కనిపించే ఆకాశం ఒకప్పుడు గులాబీ రంగులో ఉండి ఉండవచ్చు. ప్రష్యన్ బ్లూ మాత్రం బాగా నిలిచింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో అనుకోకుండా తయారైన ఆ రంగును జపానువాళ్లు బెర్లిన్ పేరుతోనే బెరో-ఐ అన్నారు. అది చవకగా అందుబాటులోకి వచ్చాకనే 1830 ప్రాంతంలో హొకుసాయ్ ఫుజి పర్వతపు ముప్పైయారు దృశ్యాలు వచ్చాయి. అవి అమ్ముడుపోయిన తీరు చూసి మరో పది కలిపారు. అంతకుముందు నీలిమందుతో అంత లోతైన, అంత మెత్తగా తేలిపోయే నీలం సాధ్యం కాలేదు. నీలం నిలిచి ఎరుపు పోయిన ప్రతిని యథాతథంగా దింపితే నేను కాలాన్ని దింపినవాణ్ణవుతాను. మొదటి రంగులు ఊహించి వేస్తే నా ఊహను దింపినవాణ్ణవుతాను. చాలా ఏళ్లు ఊహించి వేశాను. ఇప్పుడు ఒక ప్రతిని ఎంచుకుని, అది ఈ రోజు ఎలా ఉందో అలాగే వేస్తున్నాను. ఇదే సరైనదని వాదించను, కానీ రెంటినీ ఒకే బొమ్మలో కలపకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

అందరూ అడిగే హొకుసాయ్ చిత్రం, కనగావా పెద్ద అల గురించి ఒక్క మాట. దింపడానికి అది వీటన్నిటిలోకి సులువైనది. హొకుసాయ్ బలమంతా గీతలో ఉంది, గీతను పట్టుకుంటే అల వస్తుంది. హిరోషిగే బలం గాలిలో ఉంది. అది పట్టుకుంటే దొరికేది కాదు.

నకలు గురించి మాట్లాడుతూ నిజాయితీ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఒక ఊళ్లో ఒక దుకాణంలో నా మిత్రుడు "చేత్తో వేసిన జపాను చిత్రం" అని చెబితే నమ్మి పెద్ద మొత్తం పెట్టి కొన్నాడు. భూతద్దం పెట్టి చూస్తే రంగంతా చుక్కలు చుక్కలుగా ఉంది. యంత్రంలో అచ్చు వేసి, పైన పారదర్శకమైన వార్నిష్‌తో కుంచె గుర్తులు పెట్టారు. కాబట్టి కొనేవారు భూతద్దం దగ్గర పెట్టుకోండి. యంత్రపు అచ్చులో చుక్కలుంటాయి. కొయ్య అచ్చులో రంగు వెనక్కి దిగి ఉంటుంది. కుంచె పనిలో రంగు ఆరినచోట అంచు కొంచెం ముదురుగా కడుతుంది, గీత మందం మారుతుంది. నా వంతుగా నేను పాటించే నియమం ఒకటుంది. ఆ చిత్రాల్లో ఎర్రటి చిన్న పట్టీల మీద శ్రేణి పేరు, చిత్రకారుడి సంతకం ఉంటాయి, ప్రచురణకర్త ముద్రలు ఉంటాయి. ఆ ఎరుపు లేకపోతే కూర్పు దెబ్బతింటుంది కాబట్టి పట్టీని వేస్తాను. సంతకాన్ని, ముద్రలను వేయను. ఎర్ర పట్టీని ఖాళీగా వదిలేసి, వెనక తెలుగులో "హిరోషిగే అచ్చుచిత్రానికి చేతి నకలు" అని, తేదీ రాసి, నా పేరు పెడతాను.

చివరగా ఆ మూలనున్న రెండు చిత్రాల దగ్గరికి వెళ్దాం. రెండూ ఒకే చిత్రం, ఎడో నుంచి క్యోటోకు వెళ్లే తోకైదో దారిలోని మజిలీల మీద హిరోషిగే వేసిన శ్రేణి నుంచి కంబరా రాత్రి మంచు. 1833, 34 ప్రాంతంలో వచ్చింది. మంచు నిండిన ఊరు, ముగ్గురు మనుషులు, మాట లేదు. దీని పాత ప్రతుల్లో రెండు రకాలున్నాయి. ఒకదానిలో ఆకాశపు చీకటి పైన ముదురుగా ఉండి కిందికి తేలుతుంది. మరొకదానిలో ఇళ్ల కప్పుల దగ్గర ముదురుగా ఉండి పైకి తేలుతుంది. పలకలు అవే, అద్దినవాడి చెయ్యి మారింది. చీకటి పైనుంచి దిగితే ఊరు మంచు కింద నిద్రపోతున్నట్టుంటుంది. చీకటి కింది నుంచి లేస్తే మంచు తనే వెలుగుతున్నట్టుంటుంది. ఏది వేయాలో తేల్చుకోలేక నేను రెండూ వేశాను. ఇందులో మంచుకు రంగు లేదు, అది ఖాళీగా వదిలిన కాగితం. ఆకాశంలో రాలుతున్న ప్రతి తెల్లచుక్క దగ్గరా పలకలో చెక్కను తొలిచారు. తెల్లరంగు పైన చల్లేస్తే ఒక గంటలో అయిపోయేది. నేను చుక్క చుక్క చుట్టూ బూడిదరంగును నడిపి, కాగితాన్ని వదిలాను. ఎడమ చిత్రంలో పై మూలన మూడు చుక్కలు పెద్దవైపోయాయి, దగ్గరగా వచ్చి చూస్తే కనిపిస్తాయి. దీపం ఆ వైపు తిప్పిస్తాను, రండి.